మా మామ ఇవ్వని చరణం

"మీ మామ పోయిండు. ఇగ నిన్ను తిట్టెటోళ్లు ఎవ్వల్లేరు," అని అమ్మ ఫోన్ పెట్టేసింది.

సుల్తానాబాద్‌లో నేను పనిచేసే బడిలో అప్పుడు పిల్లలకు పాట చెబుతున్నాను. వాళ్లను కూర్చోబెట్టి వరండాలోకి వచ్చి మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి కాస్త వివరంగా చెప్పింది. పొద్దున ఆయాసం ఎక్కువైతే ఆటోలో ఎక్కించుకుని దవాఖానకు బయలుదేరిందట. జమ్మికుంట మార్కెట్ యార్డు ముందు పత్తి బండ్లు రోడ్డు నిండా ఆగి ఉన్నాయట. ఆటో ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు. మామ ముందు డ్రైవరును తిట్టాడు. తర్వాత బండ్లవాళ్లను తిట్టాడు. తర్వాత పత్తిని తిట్టాడు. తిట్లు ఆగిపోయాక అమ్మ పక్కకు తిరిగి చూసిందట.

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. అట్లాగే రాద్దామని కూర్చున్నాను, కలం కదల్లేదు. మా మేనమామ మంచివాడు కాదు. నాకు తెలిసి ఆయన ఎవరినీ ఓదార్చలేదు, ఎవరినీ మెచ్చుకోలేదు. నా చేతికి గిటారు వచ్చిందంటే అది ఆయన పుణ్యమే. ఈ రెండింట్లో ఏది ముందు చెప్పాలో తెలియక రెండూ ఒకేచోట పెడుతున్నాను, మీరే సర్దుకోండి.

ఆయన మా అమ్మకు తమ్ముడు. ఇద్దరికీ వయసులో చాలా తేడా. వయసులో ఉండగా గల్ఫ్ పోయాడు. అక్కడ కడుతున్న మేడలకు ఇనుప చువ్వలు కోసి వంచే పని. క్యాంపులో పక్క మంచం మలయాళీ దగ్గర గిటారు వాయించడం పట్టుబడింది. సెలవు మీద వచ్చేవాళ్లంతా సెంటు సీసాలూ కంబళ్లూ తెచ్చుకుంటే మా మామ భుజాన గిటారు తగిలించుకుని దిగాడు. ఆ ఆదివారం చర్చిలో ఆయన వాయిస్తుంటే పాస్టరుగారు ప్రసంగానికి లేవడమే మరిచిపోయారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

రెండోసారి పోయినప్పుడు చువ్వలు కోసే మిషన్ ఆయన ఎడమచేతి వేళ్ల కొసలు తీసేసుకుంది. బొటనవేలు ఒక్కటే వదిలిపెట్టింది. గిటారు వాయించేవాడికి ఎడమచేతిలో పెద్దగా అక్కరకు రాని వేలు అదొక్కటే.

తిరిగి వచ్చేశాడు. కుదిరిన పెళ్లి తప్పిపోయింది. మా ఇంటి వెనక గదిలో ఉండిపోయాడు. గిటారును తిప్పి పట్టుకుని కుడిచేత్తో తీగలు నొక్కడం అలవాటు చేసుకోవచ్చు కదా అని పాస్టరుగారు ఒకసారి సలహా ఇచ్చారు. మామ చెప్పిన జవాబు ఇక్కడ అచ్చు వేయడానికి పనికిరాదు. ఆ తర్వాత పాస్టరుగారు చాలాకాలం మా గడప తొక్కలేదు.

కానీ సాయంత్రమైతే గోడకున్న గిటారును దించేవాడు. ఒళ్లో పడుకోబెట్టి, మిగిలిన ఆ బొటనవేలితో తీగ మీటుతూ, కుడిచేత్తో బిరడాలు తిప్పుతూ శ్రుతి చేసేవాడు. ఆరు తీగలూ సరిపోయాక ఒకసారి వరసగా మీటి విని, గుడ్డతో తుడిచి, మళ్లీ గోడకు తగిలించేవాడు. వర్షం వచ్చినా, జ్వరం వచ్చినా ఆ పని ఆగేది కాదు. మా ఇంట్లో ఎవరూ దాని గురించి మాట్లాడేవాళ్లం కాదు.

నేను ఇంటర్ చదువుతున్నప్పుడు నాకు నేర్పమని అడిగాను.

"ఎందుకు? ఫోటోలు దిగనీకా?" అన్నాడు.

"కాదు మామా, వాయించడానికే."

చెయ్యి చాపమన్నాడు. నా ఎడమచేతి వేళ్లను ఒక్కొక్కటిగా పట్టుకుని, కొస దాకా నొక్కి చూశాడు. గోళ్లు కూడా చూశాడు. "అన్ని ఉన్నయి," అన్నాడు. సంతలో పశువును చూసినట్టు చూశాడు. ఆయన గొంతులో ఉన్నది అసూయేనని ఆ వయసులోనే నాకు తెలిసింది. ఆ అసూయ ఆయనకు చివరిదాకా పోలేదు. నా చేతికి చిన్న దెబ్బ తగిలినా "ఉన్నోళ్లకు విలువ తెల్వదు" అనేవాడు.

ఆయన వాయించి చూపించలేడు. నోటితో చెప్పడం చేతకాదు. ఇక మిగిలింది తిట్టడమే. నా వేలు గిటారు మెడ మీది ఫ్రెట్ పట్టీ దాటి పక్కకు పోతే "గా యేలు నీదేనా, పక్కింటోళ్లదా?" అనేవాడు. స్టీలు తీగలు. ఎఫ్ కార్డ్ పట్టాలంటే చూపుడువేలు అన్ని తీగల మీదా అడ్డంగా పడుకోవాలి. వేళ్ల కొసలు చీలి రక్తం వచ్చేది.

"నొస్తుందా?"

"నొప్పిగానే ఉంది మామా."

"అయితే ఏడ్వు. ఏడ్సుకుంటనే ఒత్తు. నీకు నొయ్యనీకన్న ఉన్నయి."

ఏడుస్తూనే నొక్కాను. ఒకసారి చర్చి పెద్దలు వచ్చినప్పుడు నేను ఒక కీర్తన వాయించాను. వాళ్లు బాగుంది బాగుంది అంటుంటే, "దేవుడు గూడ గంతే అంటడు, పాపం, ఆయనకు మర్యాదెక్కువ," అన్నాడు మామ. వాళ్లు పోయాక నేను ఏడిస్తే, "బాగున్నదన్నోడు ఇనలేదన్నట్టు. ఇన్నోడు తప్పు చెప్తడు," అన్నాడు. అది ఓదార్పనుకోవాలా, ఇంకో దెబ్బ అనుకోవాలా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. మా అమ్మా మామా మాట్లాడుకునేవాళ్లు కాదు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే బోరింగు. అమ్మే వండేది, ఆయన తినేవాడు. కానీ మాటలు మాత్రం నా మీదుగా పోయేవి. ఇద్దరూ ఒకే వాకిట్లో నిలబడి ఉన్నా, "మీ మామకు చెప్పు, కూర సల్లారుతుందని," అనేది అమ్మ. "మీ అమ్మకు చెప్పు, సల్లారిన కూర తిననీకె పుట్టిన అని," అనేవాడు మామ. నేను ఎవరికీ ఏమీ చెప్పనక్కర లేకుండానే కూర పోయేది, గిన్నె వచ్చేది. ఎందుకు మాట్లాడుకోరని అడిగితే ఇద్దరూ ఒకే మాట అనేవాళ్లు, నీకెందుకని.

ఇక పాట.

మా వైపు నాట్లేసే ఆడవాళ్లందరికీ తెలిసిన పాట అది. మా అమ్మమ్మ, అంటే మామకూ అమ్మకూ తల్లి, ఆసిఫాబాద్ వైపునుంచి కోడలిగా వస్తూ వెంట తెచ్చుకుంది. మడిలో పాట వరస ముందు తీసేది ఆమే. ఆ పాటలో ఒక తల్లి పొలం గట్టు మీద తుమ్మచెట్టుకు చీర తొట్టెల కట్టి, పసిబిడ్డను పడుకోబెట్టి మడిలోకి దిగుతుంది. బిడ్డ ఏడుస్తుంది. తల్లి గట్టెక్కి వస్తానంటుంది. నాటు ఒడిసి, పనంతా అయిపోయినాక పొమ్మంటాడు దొర మనిషి. చరణం చరణానికీ ఏడుపు పెరుగుతుంది. తల్లికి పాలు చేపి రవిక తడుస్తుంది. వంగిన నడుము ఎత్తనివ్వరు. చివరికి వచ్చేసరికి ఏడుపు వినబడదు. పోయి చూసి రా అని తల్లి గట్టు మీద ఉన్న పెద్దబిడ్డకు చెబుతుంది. ఆ పెద్దబిడ్డ చూసి వచ్చి ఏం చెప్పిందన్నది ఆఖరి చరణం.

ఆ ఆఖరి చరణం మా ఊళ్లో ఎవరూ పాడరు. పోయి చూసి రా అన్న దగ్గర ఆపేస్తారు.

మామ ఆ పాటను క్యాంపులో ఉండగానే గిటారు మీదికి ఎక్కించుకున్నాడు. సెలవు మీద వచ్చినప్పుడు అమ్మమ్మ ముందు కూర్చుని వాయించాడట. ఆమె కాసేపు వింది. చివరికి వచ్చేలోపే లేచి చేటలో బియ్యం పట్టుకుని లోపలికి పోయింది. ఆయన మళ్లీ గల్ఫ్‌లో ఉండగానే ఆమె చనిపోయింది. ఇది నాకు మామే చెప్పాడు. చెప్పి, "గా ఆకరి చరణం నా తాన ఉన్నది. నువ్వు లాయక్ అయినంక ఇస్త," అన్నాడు.

నాకు ఆ ఒక్క చరణం కావాలి. ఆ పాట మొత్తంగా వాయించాలి. నా వయసు పిల్లలు ఇంకేవేవో కోరుకునే రోజుల్లో నాకు పట్టుకున్న పిచ్చి అది. తిట్లన్నీ భరించింది అందుకే.

మొదట్లో ఆ పాటను వీడియోల్లో చూసి నేర్చుకున్న తాళంలో వాయించాను, నాలుగు దెబ్బల లెక్కన, హుషారుగా. చర్చిలో కోత పండుగ రోజు, కొత్త వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, కోళ్లు అర్పణకు తెచ్చిన జనం మధ్య నిలబడి వాయించాను. యవ్వనస్తులు వంత పాడారు. ఊరంతా చప్పట్లు కొట్టింది. నేను పొంగిపోయి వెనక వరసలో కూర్చున్న మామ వైపు చూశాను. ఆయన లేచి వెళ్లిపోతున్నాడు.

ఇంటికొచ్చాక అన్నాడు. "పసిపిల్ల ఏడుస్తుంటే సప్పట్లు కొట్టిచ్చినవ్. శబాష్."

ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అదే బాధ.

తర్వాత ఆయన పెట్టిన శిక్ష ఏమిటంటే, వెనక్కి నడవడం. నాటు వేసేవాళ్లు ముందుకు నడవరు. వేసిన నారును తొక్కకుండా, వంగి, వెనక్కి వెనక్కి జరుగుతారు. బురదలోంచి కాలు ఊడివచ్చినప్పుడే ఊపిరి తీసుకుంటారు. అందుకని ఆ పాటలో ఒక పాదం పొడుగు, ఒక పాదం పొట్టి. బురద లోతును బట్టి పాట సాగుతుంది. ఇది ఆయన ఇంత శుభ్రంగా చెప్పలేదు. "ఎన్కకు నడు," అన్నాడు, అంతే. బోరింగు దగ్గరనుంచి గేటు దాకా, మెడలో గిటారుతో, వాయించుకుంటూ వెనక్కి నడవాలి. లెక్క పెట్టకూడదు. పక్కింటివాళ్లు గోడ మీదినుంచి చూసి నవ్వుకునేవాళ్లు.

"మీ మామకు చెప్పు, పిల్ల పడి నడుము ఇర్గితే ఎవలు జేస్తరని," అంది అమ్మ వంటింట్లోంచి.

"మీ అమ్మకు చెప్పు, నడుములు ఇర్గినోళ్లే గీ పాట కట్టిన్రని," అన్నాడు మామ.

ఒకరోజు నిజంగానే పడ్డాను. బోరింగు గచ్చుకు తల తగిలింది. మామ గబగబా వచ్చాడు. ముందు గిటారును చూశాడు. తర్వాత కూడా గిటారునే చూశాడు. "ఏం గాలే," అని పోయి కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ పసుపు పెడుతూ ఆయనకు వినబడేలా ఏవేవో అంది. ఆ రోజు నాకు ఆయన మీద వచ్చిన కోపం ఇంకా పూర్తిగా పోలేదు. ఆయన పోయాడు గానీ అది పోలేదు.

అయినా, ఒక సాయంత్రం వెనక్కి నడుస్తూ వాయిస్తుంటే, పాట నా చేతుల్లోంచి కాక కాళ్లలోంచి వచ్చినట్టనిపించింది. నేను ఆగేసరికి మామ కళ్లు మూసుకుని, నోరు కొంచెం తెరిచి, ముందుకు వంగి ఉన్నాడు. పోయి చూసి రా అన్న చోట తీగ మోత ఆగిపోయాక కూడా అట్లాగే ఉన్నాడు. ఇక ఇస్తాడు అనుకున్నాను. కళ్లు తెరిచి, "యాడనో తప్పింది. మల్ల," అన్నాడు.

అప్పటినుంచి అదే తంతు. నేను ఆ చోటుకు వచ్చి ఆపుతాను. ఆయన కళ్లు మూసుకుని ఏదో వింటాడు. తర్వాత కోపంగా "మల్ల" అంటాడు. నన్ను పరీక్షిస్తున్నాడనుకున్నాను. చిన్నపిల్లకు చాక్లెట్ చూపించి దాచుకునే మనిషి అని తిట్టుకున్నాను.

విసిగిపోయి ఒకసారి సెలవుల్లో ఆసిఫాబాద్ పోయాను. అమ్మమ్మ పుట్టింటివైపు ముసలావిడ ఒకామె ఉంది, దగ్గరి పల్లెలో. పాట అడగ్గానే పాడింది, చివరిదాకా. వాళ్ల పాటలో పెద్దబిడ్డ పరిగెత్తుకొచ్చి, చెల్లె ఏడవడం లేదమ్మా, తుమ్మపూలు రాలి తొట్టెల్లో పడితే వాటితో ఆడుకుంటోంది అని చెబుతుంది. అందరూ నవ్వుతారు. ఎంత బాగుందో! ఫోన్‌లో రికార్డు చేసుకుని, బస్సులో దారి పొడుగునా వింటూ వచ్చాను. ఇంటికొచ్చి మామ ముందు కూర్చుని వాయించి, పాడాను.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. మామ నన్ను చివరిదాకా పాడనిచ్చాడు.

"ఆడ బతికిందా పిల్ల?" అన్నాడు. "మంచిదే. ఈడ బతకలే. గది తీసెయ్."

రికార్డు తీసేయలేదు నేను. కానీ ఆ చరణం మళ్లీ వాయించలేదు.

తర్వాత ఆయన మూత్రపిండాలు చెడిపోయాయి. కరీంనగర్‌లో డయాలసిస్. బస్సులో తీసుకుపోవడం, తీసుకురావడం నా వంతు అయింది. గొట్టాలు పెట్టిన చెయ్యి కదపకూడదు కాబట్టి, ఇంకో చేత్తో మంచం ఇనుప పట్టీ మీద నెమ్మదిగా తడుతూ పడుకునేవాడు. అది ఆ పాట నడకేనని నాకు తెలుసు. పక్క మంచం ఆయన, మీ మేనకోడలు ఎంత ఓపిగ్గా చూసుకుంటోందో అంటే, "ఓపిక గాదు, ఆమెకు నా తాన పనున్నది," అన్నాడు. నిజమే. అబద్ధం చెప్పడం ఎందుకు?

ఒకరోజు తెగించి అడిగాను. "ఇప్పుడన్నా చెప్పు మామా, ఆ చరణం."

"సస్తనని తొందరనా?"

"అవును," అన్నాను.

ఆయన నవ్వాడు. నన్ను చూసి అంత నిండుగా నవ్వడం అదొక్కసారే. "గిప్పుడు జర పాటకొచ్చినవ్," అన్నాడు. చరణం మాత్రం చెప్పలేదు. కళ్లు మూసుకుని మళ్లీ పట్టీ మీద తట్టడం మొదలుపెట్టాడు.

అమ్మ ఫోన్ వచ్చిన రోజు బస్సులో జమ్మికుంట వస్తూ నేను ఏడవలేదు. నాకు ఒళ్లంతా మంటగా ఉంది. ఇంత చాకిరీ చేయించుకుని, ఇన్ని మాటలు అని, ఇవ్వాల్సిన ఒక్క చరణం ఇవ్వకుండా పోయాడు. బండ్లవాళ్లనూ పత్తినీ తిట్టడానికి ఉన్న ఊపిరి నాకు నాలుగు ముక్కలు చెప్పడానికి లేకపోయిందా?

వాకిట్లో టెంటు వేశారు. శవపెట్టె వచ్చింది. తెల్లబట్టలు కట్టి, ఎడమచెయ్యి కింద, కుడిచెయ్యి పైన పెట్టి పడుకోబెట్టారు. ఎవరు అట్లా సర్దారో గానీ తెగిన వేళ్లు కనబడడం లేదు. అమ్మ వెనక గదిలో ఆయన బట్టలు మడత పెడుతోంది. నేను పోయి ఆమె మీద విరుచుకుపడ్డాను.

"ఇవ్వకుండానే పోయాడు చూశావా. అంత పగేంటి నా మీద?"

అమ్మ తలెత్తలేదు. "వాని తాన యాడిదే అది? వాడు పుట్టకముందటిది. వానికి రాదు."

"నా దగ్గర ఉందని చెప్పాడు."

"చెప్తడు. నువ్వు గాడిదాక మంచిగ వాయిస్తే ఆ ఎనకది దానంతటదే దొరుకుతదనుకున్నడు. పిచ్చోడు. గది నా చరణం. గప్పటోళ్లంతా పోయిన్రు, నా ఒక్కదాని తాననే ఉన్నది."

చొక్కా మడత పెడుతూనే చెప్పింది. ఎవరిదో సంగతి చెప్పినట్టు చెప్పింది. నాట్లప్పుడు ఆ ఆఖరి చరణాన్ని మడిలో ఉన్నవాళ్లు పాడరట. గట్టు మీద తొట్టెల ఊపుతూ కూర్చునే పెద్దపిల్ల పాడాలట. అది అప్పటి పద్ధతి. మడిలోంచి తల్లి, పోయి చూసి రా అని పాడితే, పిల్ల గట్టు మీదినుంచి జవాబు పాడుతుంది, దానికి అందరూ వంత అందుకుంటారు. ఆసిఫాబాద్ చరణం వద్దని, మా అమ్మ కోసం అమ్మమ్మ వేరేగా కట్టి నేర్పిందట.

"మా చెల్లెను తొట్టెల ఏసి నన్ను కూసుండవెట్టింది. ఊపుకుంట ఉండుమన్నది. నాకు దూపైంది. కాల్వకాడికి పోయిన. మల్లొచ్చేటాల్లకు చీర మెలివడ్డది, మెడకు వడ్డది. మడిల పాట గాడికే వచ్చింది, పోయి సూసి రా అనే కాడికి. నేను ఒర్రిన. అవ్వా, చెల్లె పలుకుతలేదని ఒర్రిన. అందరు పాటనే అనుకున్నరు. వంత అందుకున్నరు."

చొక్కా పక్కన పెట్టి ఇంకొకటి తీసుకుంది.

"గెట్టు దిగి ఉర్కిన. నేను ఏడ్సుకుంట ఉర్కుతున్న, వాళ్లు వంత పాడుతున్నరు. మా అవ్వ గూడ పాడింది. ముందుగాల ఆమెనే అందుకున్నది."

గోడకు ఆనుకున్నాను.

ఆ తర్వాత ఊళ్లో ఏ పిల్లకూ ఆ చరణం నేర్పలేదట. మామ గల్ఫ్ నుంచి వేళ్లు పోగొట్టుకుని వచ్చాక, పాట పూర్తి చేసుకుంటానని, చరణం చెప్పమని అమ్మను అడిగాడట. నా నోట రాదు, ఫో అందట. అడిగి అడిగి, చివరికి ఒకరోజు, "నువ్వే సంపినవ్ మా అక్కను," అన్నాడట. మాటలు ఆగిపోయింది అప్పుడే. అన్నం మాత్రం ఆపలేదు.

"వాడు పుట్టనే లేదు అప్పటికి. పుట్టనోనికేం తెల్సు?" అంది.

నేను ఇద్దరి మధ్యా మాటలు మోసినదాన్ని. ఆయన రోజూ నా చేత వాయించుకుంటూ, కళ్లు మూసుకుని వెతికిన వస్తువు పక్క గదిలో కూరకు పోపు వేస్తోంది. ఆమెకు అది తెలుసు. వాకిట్లో నేను వెనక్కి నడుస్తూ వాయిస్తుంటే, ఆ చోట ఆగుతుంటే, ఆమె వంటింట్లో నిలబడి రోజూ వింది. నోరు విప్పలేదు. ఎంత కఠినం! ఆయనదా, ఆమెదా అంటే నేను చెప్పలేను. ఇద్దరి మీదా కోపమొచ్చింది. ఇద్దరినీ పట్టుకుని ఏడవాలనిపించింది.

"నాకన్నా చెబుతావా?" అని అడిగాను.

"చెప్ప," అంది అమ్మ. "వాడు అడిగితే ఇయ్యంది నీకెట్లిస్త?"

ప్రార్థన అయిపోయింది. సమాధుల తోటకు తీసుకుపోయే ముందు పాస్టరుగారు నన్ను పిలిచి, ఆయన నేర్పిన పాట ఏదైనా వాయించమన్నారు. కీర్తన వాయిస్తాననుకుని ఉంటారు. గోడ మీది గిటారు దించాను. తీగ మీటి చూశాను. శ్రుతి తప్పలేదు, నిన్న సాయంత్రం కూడా సరిచేసే పడుకున్నాడన్నమాట.

పెట్టె పక్కన నిలబడి వాయించాను. వెనక్కి నడవడానికి చోటు లేదు, నిలబడ్డచోటే అడుగులు మార్చి మార్చి వేస్తూ వాయించాను. నాట్లకు పోయే ఆడవాళ్లు కొందరు మొదట పెదవులు కదిపారు, తర్వాత పాడారు. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. పోయి చూసి రా అన్న చోటుకు వచ్చాను. ఆపేశాను. వాళ్లూ ఆపేశారు. పాస్టరుగారు పాట అయిపోయిందనుకుని బైబిలు తెరవబోయారు.

అమ్మ గదిలోంచి వచ్చింది. జనాన్ని తప్పుకోమని చేత్తో చెప్పి పెట్టె దగ్గరికి పోయింది. మోకాళ్ల మీద కూర్చుని, ఒక చెయ్యి పెట్టె అంచు మీద ఆనించి, వంగింది. ఆమె నోరు ఆయన చెవి దగ్గర ఉంది. పెదవులు కదులుతున్నాయి. ముద్దు పెట్టుకుంటోందని అనుకున్నవాళ్లు అనుకున్నారు. ముద్దుకు అంతసేపు పట్టదు. మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంది, మళ్లీ వంగింది. ఆమె మెడనరాలు లేచి ఉన్నాయి. నేను గిటారు పట్టుకుని అడుగు దూరంలో ఉన్నాను. నాకు ఒక్క ముక్క వినబడలేదు.

మూత పట్టుకున్నవాళ్లు చేతులు మార్చుకుంటూ నిలబడ్డారు. అమ్మ అంచు పట్టుకుని మెల్లగా లేచింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఇగ ఎయ్యుండ్రి," అంది వాళ్లతో.